ఉప్పు, నూలు, కట్టెపుల్ల: పలాస ప్యాసింజర్ దారిలో ఐదు రోజులు

మొదటి రోజు, ఏప్రిల్ 2, విజయనగరం

మా మావయ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి, ఆమదాలవలస... అలా పాటలాగా వెళ్లిపోతుంది. ఈ ప్రయాణం ఆయన వల్లే.

కిందటి నెల మా అబ్బాయి స్కూల్లో వేషాల పోటీ పెట్టారు. మావాడు తాండ్ర పాపారాయుడు. అట్టతో కత్తి చేసి, వెండి కాగితం చుట్టి, మీసాలు దిద్ది పంపాను. అక్కడ చూస్తే పాపారాయుళ్లే నలుగురు, అల్లూరి సీతారామరాజులు ఆరుగురు, ఝాన్సీ లక్ష్మీబాయిలు ముగ్గురు. గాంధీ ఒకడే ఉన్నాడు, వాడికి కూడా గుండు టోపీ జారిపోతుంటే ఏడుస్తూ కూర్చున్నాడు. సాయంత్రం ఫొటోలు చూసి మావయ్య ఒక మాట అన్నాడు. "మన లైన్లోనే ఉప్పు కాచి జైలుకెళ్లినాయన ఉన్నాడు కోడలా. ఆయన వేషం ఎవరూ వెయ్యరు. చేతిలో పట్టుకోడానికి కత్తి లేదు కదా, ఏం పట్టుకుంటారు, కుండ పట్టుకుంటారా?"

ఆ మాట నన్ను వదల్లేదు. మా ఊళ్లో పుట్టిన ఎవర్నడిగినా బొబ్బిలి యుద్ధం 1757 అని చెబుతారు. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం మీద పోరాడి చిన్న విజయరామరాజు చనిపోయిన సంగతి కూడా చాలామందికి తెలుసు. కోట గోడ పక్కనుంచి రోజూ ఆఫీసుకి వెళ్తాను, ఆ కథలన్నీ ఆ గోడలోనే ఉన్నట్టుంటాయి. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు, కోటలూ ఫిరంగులూ ఏమీ లేని మామూలు జనం తెల్లదొరల ప్రభుత్వాన్ని ఇదే జిల్లాల్లో ఇబ్బంది పెట్టారు కదా, ఆ కథ ఏ గోడ పక్కన ఉంది? ఐదు రోజులు సెలవు పెట్టాను. మావయ్య సంచి సర్దుకున్నాడు. రాత్రి అమ్మ పులిహోర కట్టింది. ఇవాళ్టికి ఇంతే, ప్రయాణం రేపు పొద్దున్న మొదలు.

రెండో రోజు, పొందూరు

ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు దొరికింది. పొందూరు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. స్టేషన్ నుంచి ఆటోలో ఊళ్లోకి వెళ్లాం.

పొందూరు ఖద్దరు అంటే మనవాళ్లకి పెద్దమనుషుల పంచె. సన్నగా ఉంటుంది, ఖరీదు ఎక్కువ, పెళ్లిళ్లలో పెడతారు. నేనూ అంతవరకే అనుకున్నాను. అది ఎలా తయారవుతుందో దగ్గర కూర్చుని చూశాక మాత్రం ఆ గుడ్డని ఇదివరకటిలా ముట్టుకోలేకపోతున్నాను.

మమ్మల్ని ఒక వడికే ఆవిడ ఇంటికి తీసుకెళ్లారు. అరవై దాటిన మనిషి, పేరు రాయను. వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో ఉన్నదేమిటో ముందు నాకు అర్థం కాలేదు. పచ్చగా మారిన ఎముక, అర్ధచంద్రాకారంలో, అరచేతిలో ఇమిడేంత. వాలుగ చేప దవడ. దానికి చిన్న చిన్న పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి, సూదిమొనల్లాగా, అన్నీ లోపలివైపు కొంచెం వంగి. గింజకు అంటుకున్న దూదిని ఎడమచేత్తో పట్టుకుని ఆ దవడతో దువ్వుతుంది. పాపాయి జుట్టు దువ్వినట్టే, అంత నెమ్మదిగా. ఒక్కో గింజని విడివిడిగా. చెత్తా, పొట్టి పోగులూ పళ్లకి చిక్కుకుని దూది పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. నన్ను ప్రయత్నించమంది. రెండు గింజలకే పోగులు తెంపేశాను. వేలి కొసకు ఒక పన్ను గుచ్చుకుంది కూడా.

"గట్టిగా నొక్కకూడదు తల్లీ, అది చేపే గానీ కరుస్తాది" అని నవ్వింది.

ఈ దవడలు ఇక్కడ దొరకవు, గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. ఇనప దువ్వెన ఎందుకు వాడరని అడిగాను. దూది నలిగిపోతుందట, ఈ సన్నదనం రాదట. దువ్విన తర్వాత చెక్క మీద పెట్టి సన్నటి కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు. ఆ తర్వాత దూదిని ఏకుతారు, పొగమంచులా లేస్తుంది. దాన్ని ఏకులుగా చుట్టి ఎండిన అరటి దొప్పలో పెడతారు. దొప్ప లోపలివైపు నున్నగా ఉంటుంది కాబట్టి ఏకు రేగకుండా ఉంటుంది. అప్పుడు రాట్నం. ఒకే కదురు ఉన్న రాట్నం. వడికేటప్పుడు ఆవిడ మాటలు ఆపేసింది. ఎడమచెయ్యి వెనక్కి పోతూ ఉంటే దారం వస్తోందని నమ్మాలి తప్ప కంటికి ఆనదు. వెలుతురు వైపు తల వంచి చూస్తే కనిపించింది.

మావయ్యకి లెక్కలంటే ఇష్టం. నూరు కౌంట్ నూలు అంటే ఏమిటని సంఘం ఆఫీసులో ఒకాయన్ని పట్టుకున్నాడు. పాత లెక్క ప్రకారం పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని ఉంటే అన్ని కౌంట్లు. నూరు కౌంట్ అంటే పౌనుకి 84,000 గజాలు. అంటే దాదాపు 77 కిలోమీటర్లు. మావయ్య వేళ్ల మీద లెక్కపెట్టి, "అరకిలో నిండా లేని దూదితో విజయనగరం నుంచి ఆమదాలవలస దాటిపోవచ్చు కోడలా, పట్టాల వెంబడే" అన్నాడు. ఆయనకి ఆ రోజంతా అదే మాట.

గాంధీ ఈ నూలు సంగతి విని తన కొడుకు దేవదాస్‌ని చూసి రమ్మని ఇక్కడికి పంపాడు. వాలుగ దవడ సంగతి ఆయన పత్రికలోకి కూడా ఎక్కింది. అయితే నన్ను ఆలోచనలో పడేసింది ఆయన మెచ్చుకోవడం కాదు. 1921 మార్చి చివర్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ కూర్చుని మూడు లెక్కలు పెట్టుకుంది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలి. మొదటి రెండూ ఏ పార్టీ అయినా పెట్టుకునేవే. మూడోది చూడండి. ఒక సామ్రాజ్యం మీదకి వెళ్లేవాళ్లు ఆయుధాల లెక్క రాసుకోవాల్సిన చోట రాట్నాల లెక్క రాసుకున్నారు. 1924లో అయితే సభ్యత్వానికి చందా బదులు నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలన్నారు. అది ఎక్కువ కాలం నిలవలేదు, పెద్ద పెద్ద వకీళ్లు వడకలేక చేతులెత్తేశారు. కానీ ఆ ఒక్క నిబంధన దగ్గర మద్రాసు వకీలు కన్నా పొందూరు వసారాలో కూర్చున్న ఆవిడ ముందుంటుంది. చదువు రాదు, ఇంగ్లీషు రాదు, ఊరు దాటలేదు. అయినా ఇంగ్లండు నుంచి వచ్చే లాంకషైర్ మిల్లు గుడ్డని వద్దనడానికి కావలసిందంతా ఆవిడ చేతిలోనే ఉంది. ఈ పోరాటాల్లోకి అంతమంది ఆడవాళ్లు, అంతమంది పేదలు ఎలా వచ్చారని నాకు ఎప్పట్నుంచో అనుమానం. రోజూ చేసే పనినే పోరాటం చేస్తే ఎవరైనా రాగలరు, ఇల్లు వదిలి రానక్కర్లేదు కూడా.

వచ్చేముందు కూలి ఎంత వస్తుందమ్మా అని అడిగాను. "ఎండలో పనికెళ్తే ఇంతకన్నా వస్తాది. ఇది మా అమ్మ నేర్పింది, ఒదల్లేక" అంది. పిల్లలు నేర్చుకోలేదట. పంచెకి మనం ఇచ్చే డబ్బు తల్చుకుని, ఆవిడ రోజుకు సంపాదించేది తల్చుకుని, నాకు మాట రాలేదు. దీన్ని ఎవరో ఒకరు బాగుచేయాలి. వారసత్వం అని సభల్లో శాలువాలు కప్పితే ఆవిడ కళ్లద్దాలు కూడా రావు.

ఒక చిన్న తువ్వాలు కొనుక్కున్నాను. రాత్రికి శ్రీకాకుళంలో చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం.

మూడో రోజు, నౌపడ

ఆమదాలవలసలో రైలెక్కి నౌపడలో దిగాం. ఇక్కడి నుంచే గుణుపురం లైను చీలుతుంది, ఒకప్పుడు పర్లాకిమిడి రాజుగారి చిన్న రైలు నడిచిన దారి. మావయ్య దాని గురించి గంటసేపు చెప్పాడు. అది వేరే కథ.

ఉప్పు మడులు చూడాలంటే ఈ నెలే మంచిది. వానలు పడితే ఏమీ ఉండదు. ఉప్పుటేరు నీళ్లని ముందు పెద్ద మడిలోకి వదులుతారు, అక్కడ ఎండకి నీళ్లు చిక్కబడతాయి, తర్వాత ఇంకో మడి, ఆ తర్వాత చదును చేసి తొక్కి గట్టిపరిచిన చిన్న చిన్న మడుల్లోకి. అక్కడ నీటి మీద ముందు సన్నటి తెట్టులా ఏర్పడి, బరువెక్కి అడుక్కి దిగుతుంది. చెక్క పారలతో లాగి గట్ల మీద పోగులు పెడతారు, పైన తాటాకులు కప్పుతారు. కంటికి కనిపించినంత మేర తెలుపు. తొమ్మిదింటికే కళ్లు నొప్పెట్టాయి. చెప్పులు తీసి గట్టు దిగాను, బురద పైన పలచని పొర పగిలి పాదానికి గాజుపెంకుల్లా గుచ్చుకుంది. మధ్యాహ్నానికి మడమ పక్కన రెండు చోట్ల చీరుకుపోయింది. మడిలో పనిచేస్తున్న ఒకాయన తన పాదాలు చూపించాడు. పగుళ్లలో తెల్లగా ఉప్పు. "మాకిది మామూలే బాబూ" అన్నాడు మావయ్యతో, నన్ను చూసి మాత్రం నీళ్లతో కడుక్కోమని బిందె తెచ్చి పెట్టాడు.

ఇక్కడే ఒక గట్టు మీద కూర్చుని నాకు 1930 అర్థమైంది. పుస్తకంలో చదివినప్పుడు ఉప్పు పన్ను అంటే ఏదో పన్ను అనుకుంటాం. 1882 చట్టం ప్రకారం ఉప్పు చేయడం, అమ్మడం సర్కారు చేతిలో ఉండేది. మణుగుకి రూపాయి పావలా సుంకం. 1923లో దాన్ని రెట్టింపు చేసి, జనం తిట్టుకుంటే మళ్లీ మరుసటేడు తగ్గించారు. అంటే సముద్రం పక్కన గుడిసె వేసుకున్న మనిషి, తన గుమ్మం ముందు ఎండకి తానుగా పేరుకున్న ఉప్పుని గోకి కూరలో వేసుకుంటే నేరం. ఇక్కడ కూర్చుంటే ఆ అన్యాయం కళ్లకి కడుతుంది. నేల మీద పడి ఉంది, చెయ్యి చాపితే వస్తుంది, కానీ చాపితే జైలు.

గాంధీ దీన్ని ఎంచుకున్నప్పుడు కాంగ్రెస్ పెద్దల్లో కొందరికి ఏమీ తోచలేదట, ఇంత చిన్న విషయమా అని. ఆయన మార్చి 2న వైస్రాయ్ ఇర్విన్‌కి ఉత్తరం రాశాడు, ఫలానా పని చేయబోతున్నానని ముందే చెప్పాడు. మార్చి 12న 78 మందితో సబర్మతి నుంచి బయల్దేరాడు. వాళ్లలో మన తెలుగాయన ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నారు. 240 మైళ్లు నడిచి ఏప్రిల్ 6 పొద్దున్న దండిలో ఉప్పు తీశాడు. ఆ తేదీ కూడా ఊరికే పెట్టుకోలేదు, 1919లో రౌలట్ చట్టం మీద హర్తాళ్ చేసిన రోజు అది. ఇరవై నాలుగు రోజులు నడుస్తుంటే దేశం ఇరవై నాలుగు రోజులు ఎదురుచూసింది. అక్కడ గాంధీ వంగి ఉప్పు తీయగానే ఇక్కడ, మద్రాసు రాజధానిలో, కృష్ణా జిల్లాలో, గుంటూరులో, విశాఖలో, మన గంజాం తీరంలో కుండలు పొయ్యి మీదకెక్కాయి. అప్పట్లో ఈ టెక్కలి, సోంపేట, బారువ అంతా గంజాం జిల్లా కిందే ఉండేది.

ఏడాది చివరికి దేశం మొత్తం మీద అరవై వేల మందికి పైగా జైళ్లకు వెళ్లారు. మే 21న గుజరాత్‌లోని ధరసానాలో ఉప్పు కొఠారు మీదకు వరసలు వరసలుగా నడిచివెళ్లిన మనుషుల్ని ఇనప పొన్నులు వేసిన లాఠీలతో తలల మీద కొట్టారు. కొట్టించుకున్నవాళ్లు చెయ్యెత్తలేదు. ఇక్కడ మడిగట్టు మీద కూర్చుని మావయ్యతో అన్నాను, "నేనైతే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని మావయ్యా. తెలియకుండానే పెట్టేస్తాం కదా." ఆయన కాసేపు ఊరుకుని, "అందుకే వాళ్లు ముందు నుంచి నేర్చుకున్నారు. మాకు ట్రైనింగ్ ఇచ్చినట్టే వాళ్లకీ" అన్నాడు. నిజమే. ఊరికే ఉండటం కాదది, వెనక్కి తగ్గకూడదని శరీరానికి నేర్పడం. దాన్ని మెత్తదనం అనేవాళ్లని ఈ మడుల్లో ఒక గంట నిలబెట్టాలనిపించింది.

మావయ్య చెప్పిన ఉప్పు కాచినాయన అరెస్టయింది ఇక్కడే, నౌపడలో. ఆ బారువ కుర్రాడి గురించి ఐదో రోజు రాస్తాను.

రాత్రి టెక్కలిలో ఒక లాడ్జిలో దిగాం. నీళ్లు రాలేదు. కాళ్లు మండుతున్నాయి. మేనేజర్‌ని లేపితే మోటారు కాలిపోయిందన్నాడు. సీసా నీళ్లతో కాళ్లు కడుక్కుని పడుకున్నాను.

నాలుగో రోజు, పలాస, మందస, గుడారి రాజమణిపురం

టెక్కలి నుంచి పలాస బస్సు. జీడిమామిడి తోటలు మొదలయ్యాయి, పళ్ల వాసన బస్సులోకి కొడుతోంది. పలాస అంటే ఇప్పుడు జీడిపప్పు. 1940 మార్చిలో మాత్రం అఖిల భారత కిసాన్ సభ ఇక్కడ జరిగింది. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు ఈ చిన్న ఊరికి వచ్చారు. దాని గుర్తుగా ఊళ్లో ఏముందని ఇద్దరు ముగ్గుర్ని అడిగితే జీడిపప్పు బజారు దారి చూపించారు.

మందస దాకా ఇంకో బస్సు, అక్కణ్ణుంచి ఆటో. మహేంద్రగిరి కొండలు నీలంగా దగ్గరికొచ్చాయి. మందస కోవా తిన్నాం, అది చెప్పకపోతే పాపం. గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ స్తూపం దగ్గర ఆటో ఆపించాం.

ఇక్కడి గొడవ ఉప్పు కాదు, కట్టెలు. మందస జమీందారీలో అడవి జమీందారుది. పొయ్యిలోకి పుల్లలు, నాగలికి కర్ర, ఇంటికి వాసాలు, పొలానికి ఆకు ఎరువు, ఇవన్నీ రైతులు తాతముత్తాతల నుంచి అడవి నుంచే తెచ్చుకునేవాళ్లు. అది మీ హక్కు కాదన్నారు. వెనక తెల్లవాళ్ల చట్టం, తెల్లవాళ్ల పోలీసులు. పలాస సభ ముగిసిన వేడిలో రైతులు బండ్లు కట్టుకుని అడవికి వెళ్లి కట్టెలు కొట్టుకొచ్చారు. దొంగతనంగా కాదు, పట్టపగలు. ఏప్రిల్ 1న పోలీసులు అరెస్టులకి వచ్చారు. ఊరు అడ్డం నిలబడింది. సాసుమాన గున్నమ్మ ముందు నిలబడింది. ఆమె అప్పటికి గర్భవతి అని ఊళ్లో చెబుతారు. పోలీసులు కాల్చారు. గున్నమ్మతో కలిపి ఐదుగురు పోయారు.

స్తూపం పక్క అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మాతో చాలాసేపు మాట్లాడాడు. ఆయన పుట్టకముందు జరిగింది, వాళ్లమ్మ చెబితే విన్నాడు. "ఆడోళ్లు చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నారంట. పొయ్యికాడ ఉన్నోళ్లు ఉన్నట్టే పరిగెట్టారంట" అన్నాడు. అంటే ఇది దండి పద్ధతిలో కొలిచి చేసిన సత్యాగ్రహం కాదు. నాకు ఇక్కడ దాచిపెట్టడం ఇష్టం లేదు. తుపాకులు పట్టుకుని ఊళ్లోకొచ్చినవాళ్ల మీద ఒక చెయ్యి లేచి ఉండొచ్చు. కానీ మొదట ఆ రైతులు చేసింది ఏమిటి? బండ్లు కట్టుకుని, అందరూ కలిసి, అందరూ చూస్తుండగా వెళ్లి, చట్టం వద్దన్న కట్టెల్ని తెచ్చుకున్నారు. ఉప్పు తీసిన చెయ్యీ ఇదే. పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేతకి వేసిన పన్ను, కట్టేది లేదన్నవాళ్లూ అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇదే చేశారు. అహింస అనేది కొందరు నాయకులు గీసిన గీత అనుకుంటే ఇక్కడ ఆ గీత చెదిరినట్టు కనిపిస్తుంది. జనం తమకి తెలిసిన న్యాయం కోసం బయటికి రావడం అనుకుంటే, గున్నమ్మ ఆ కథలో మధ్యలోనే ఉంది. నేను రెండోదే నమ్ముతాను.

తిరుగు దారిలో మావయ్యకీ నాకూ వాదన. ఆయన రైల్వే మనిషి. 1942 క్విట్ ఇండియాలో పట్టాలు పీకారు, తంతి తీగలు కోశారు, ఆగస్టు 12న తెనాలి స్టేషన్ తగలబెట్టారు, అక్కడ కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. "గాంధీ పేరు చెప్పి పట్టాలు పీకడమేంటి కోడలా? గార్డు వెనక పెట్టెలో ఉంటాడు, డ్రైవరు ముందుంటాడు. వాళ్లూ మనవాళ్లే కదా" అన్నాడు. నేను కాదనలేకపోయాను. కానీ ఆగస్టు 9 తెల్లవారేసరికి ఉద్యమం నడిపే నాయకులందరినీ ఒక్కసారిగా లోపలేశారు, ఎవరూ లేరు ఆపడానికి అని మాత్రం అన్నాను. చౌరీచౌరాలో 1922 ఫిబ్రవరిలో పోలీసుల్ని తగలబెట్టినప్పుడు గాంధీ బయట ఉన్నాడు కాబట్టి దేశమంతా నడుస్తున్న ఉద్యమాన్ని ఆపేశాడు, అప్పుడూ చాలామంది తిట్టారు. "ఆపేవాణ్ణి తిడతారు, ఆపనివాణ్ణీ తిడతారు" అన్నాడు మావయ్య. పలాసలో రాత్రి భోజనం చేసేటప్పుడు కూడా మేము ఇద్దరం ఒప్పుకోలేదు.

ఐదో రోజు, ఏప్రిల్ 6, బారువ

పలాస నుంచి బారువకి రైలు, స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటో. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు ఇదే. పాత రేవు, లైట్‌హౌస్, కొబ్బరి తోటలు. పొద్దున్నే వలలు లాగుతున్నారు.

గౌతు లచ్చన్న ఈ ఊరివాడు. 1909 ఆగస్టు 16న పుట్టాడు. 1930లో గాంధీ పిలుపు వినేసరికి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. చదువు వదిలేశాడు. ఈ ఒడ్డునే సముద్రం నీళ్లు తెచ్చి, కాచి, ఉప్పు తీసి, దాన్ని అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఖర్చుపెట్టాడు. నౌపడలో అరెస్టు చేసి టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలో పెట్టారు, నెలరోజుల శిక్ష పడింది. నిన్న మొన్న నేను నీళ్లు రాలేదని విసుక్కున్న టెక్కలి అదే. తర్వాత ఆయన రైతుల కోసం, గీత కార్మికుల కోసం జీవితమంతా తిరిగాడు, మంత్రి అయ్యాడు, 2006లో పోయాడు. జనం ఆయన్ని సర్దార్ అన్నారు. కానీ నాకు కావలసింది ఆ సర్దార్ కాదు, కుండ పట్టుకుని ఈ ఇసకలో నడిచిన కుర్రాడు.

ఇంట్లో ఉన్నప్పుడే అనుకున్నాం, ఏప్రిల్ 6న బారువలో ఉప్పు కాయాలని. ఒడ్డున ఒక మత్స్యకారుల ఇంటి ముందు కట్టెల పొయ్యి కనిపిస్తే ఇంటావిడని అడిగాం. ఆవిడ నన్నూ మావయ్యనీ మార్చి మార్చి చూసింది. "సముద్రం నీళ్లు కాస్తారా? దుకాణంలో పేకెట్టు దొరుకుతాది కదమ్మా!" అంది. విషయం చెప్పాక గిన్నె ఇచ్చింది, అడుగు మసిబారిన సత్తు గిన్నె. సరుగుడు పుల్లలు కూడా తనే తెచ్చింది. నేను మోకాళ్ల దాకా దిగి బిందెతో నీళ్లు తెచ్చాను. ఇసక వస్తోందని పొందూరు తువ్వాలు గిన్నె మీద పరిచి వడగట్టాను.

మూడు లీటర్లు పోశాం. గంటంపావు దాకా ఏమీ జరగలేదు. నీళ్లు మరిగాయి, ఆవిరైపోయాయి, ఇంకా నీళ్లే. పొగకి కళ్లు మండాయి, మావయ్య పక్కకి తప్పుకున్నాడు, ఇంటావిడ మనవరాలు వచ్చి పుల్లలు ఎగదోసింది. సగం కన్నా బాగా తగ్గాక నీళ్లు మసకబారాయి, అడుగున తెల్లటి పిండిలాంటిది కనిపించింది. ఉప్పొచ్చేసిందని కేకపెట్టాను. అది ఉప్పు కాదు, రుచి లేదు, సుద్ద. అసలైన ఉప్పు చివరి పావుగంటలో వచ్చింది. అంచుల దగ్గర ముందు ఒక గీతలాగా, తర్వాత మధ్యలో చిటపటమంటూ గింజలు. గరిటె తిప్పుతుంటే చేతికి బరువు తెలిసింది. అప్పటికి చెయ్యి లాగేస్తోంది, చెమట గడ్డం మీంచి గిన్నెలో పడేలా ఉంది. దింపి చూస్తే గుప్పెడు. బూడిద రంగులో, తడితడిగా.

నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉండి, వెనకాల చేదు. నౌపడలో ఆ చేదు నీళ్లని చివర్లో వంచేసి ఉప్పుని లాక్కుంటారు, అందుకే అది తెల్లగా ఉంటుంది. మేమేమో చుక్క వదలకుండా కాచేశాం. 1930లో కుండల్లో కాచినవాళ్లలో చాలామందికి వచ్చింది కూడా ఇలాంటి ఉప్పే అయ్యుండాలి. అయినా కొన్నారు జనం. వంటకి కాదని తెలిసే కొన్నారు. ఆ ఉప్పుకి మరుసటేడు, 1931 మార్చి 5న, గాంధీతో ఇర్విన్ ఒప్పందం చేసుకున్నప్పుడు ఫలితం వచ్చింది. తీరం పక్క ఊళ్లవాళ్లు ఇంటి వాడకానికి ఉప్పు తీసుకోవచ్చని ఒప్పుకున్నారు. చాలా మందికి అది చాలా తక్కువ అనిపించింది. ఈ ఇంటావిడ ముత్తవ్వకి మాత్రం అది గుమ్మం ముందు ఉన్న నేల తిరిగి రావడం. పన్ను మొత్తంగా పోయింది 1947లో.

ఆవిడకి గిన్నె తోమి ఇస్తానంటే ఒప్పుకోలేదు. కబుర్లలో బీల గురించి, అంటే ఇక్కడి చిత్తడి నేలల గురించి, చెప్పింది. సోంపేట పక్క బీల నేలల్లో కరెంటు ఫ్యాక్టరీ వద్దని ఊళ్లన్నీ ఏళ్ల తరబడి టెంటు వేసుకుని రిలే నిరాహార దీక్షలు చేశాయి, 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. "మేమూ కూర్చున్నాం అక్కడ. వంతులేసుకుని" అంది, అది చేపలు ఎండబెట్టడం లాంటి పనే అన్నట్టు.

మా అబ్బాయికి చూపించాలని ఉప్పుని కాగితంలో పొట్లం కట్టాను. స్టేషన్‌కి వచ్చేసరికి చెమ్మ పట్టి కాగితం అంటుకుపోయింది. రైలు గంట లేటు. ప్లాట్‌ఫాం మీద ఒకామె పచ్చిమామిడికాయలు అమ్ముతుంటే రెండు కోయించాను. మావయ్య పొట్లం విప్పమన్నాడు. ఇంటికి తీసుకెళ్లడానికి మావయ్యా అన్నాను. కొంచెమే అన్నాడు. ముక్కని అద్దుకుని నోట్లో వేసుకున్నాడు, మొహం చిట్లించాడు, కాసేపు నమిలి, ఇంకో ముక్క తీసి మళ్లీ అద్దుకున్నాడు.